నేల వసూలు చేసే సుంకం

ప్రపంచ పటంలో సంపన్న దేశాలకు ఒక రంగు, పేద దేశాలకు మరొక రంగు వేసి చూస్తే, సంపన్న దేశాలలో అధిక భాగం సమశీతోష్ణ మండలంలో, సముద్రానికో ఓడలు తిరగగల నదికో చేరువలో ఉన్నట్లూ, పేద దేశాలలో చాలా భాగం ఉష్ణమండలంలోనో ఖండాల నడిబొడ్డునో చిక్కుకొని ఉన్నట్లూ కనిపిస్తుంది. ఈ పొందికను పండితులు చాలా కాలం క్రితమే గమనించారు గాని, దానికి వారు చూపిన కారణాలు మాత్రం అన్నీ నిలబడలేదు. ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ 1748లో వెలువరించిన గ్రంథంలో వేడి దేశాల ప్రజలు సోమరులూ పిరికివారూ అవుతారనీ, చలి దేశాల ప్రజలు దృఢచిత్తులూ శ్రమజీవులూ అవుతారనీ వాదించాడు. నేల, వాతావరణం కలిసి జాతుల భవితవ్యాన్ని ముందే తేల్చివేస్తాయనే ఈ దృష్టిని భౌగోళిక నియతివాదం అంటారు. తాము ఏలుతున్న ప్రజలు ఏలబడడానికే పుట్టారని చెప్పుకోదలచిన వలస పాలకులకు తరువాతి శతాబ్దంలో ఇది ఎంతగానో అక్కరకు వచ్చింది.

ఉష్ణమండలం వెనుకబడడానికి మాంటెస్క్యూ మనుషుల స్వభావంలో వెదికిన కారణంలో పెద్ద భాగం నిజానికి దోమలో ఉంది. సూయజ్ కాలువను తవ్వించి పేరు పొందిన ఫ్రెంచివాడు ఫెర్డినాండ్ డి లెసెప్స్ నాయకత్వంలో 1881లో పనామాలో మొదలైన కాలువ పని, మలేరియా, ఎల్లో ఫీవర్ వంటి జ్వరాల వల్ల సుమారు ఇరవై వేల మంది ప్రాణాలు కోల్పోయాక, 1889లో కంపెనీ దివాలాతో ఆగిపోయింది. ఆ తరువాత ఎనిమిదేళ్లకు, 1897 ఆగస్టులో, సికింద్రాబాదులో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఎల్లో ఫీవర్‌ను కూడా దోమలే మోస్తాయని మరికొన్నేళ్లలోనే క్యూబాలో రుజువైంది. అమెరికన్లు పనామా పనిని చేపట్టినప్పుడు వారి వైద్యాధికారి విలియం గోర్గస్ మొదట మురుగును ఎండగట్టి, నిలవ నీటిపై నూనె చల్లించి, ఇళ్లకు జాలీలు కట్టించాడు. 1914లో కాలువ తెరుచుకుంది. ఆ ఇరవై ముప్పై ఏళ్లలో పనామా ఎండ తగ్గలేదు, వాన తగ్గలేదు. ఆ ఎండావానలు మనిషి నుంచి గుంజుకునే మూల్యం మాత్రం పడిపోయింది.

భౌగోళిక పరిస్థితులు విధిని నిర్ణయిస్తాయనడం కన్నా అవి సుంకం వసూలు చేస్తాయనడం ఈ కారణం చేతనే సరైన మాట అవుతుంది. కొండ, ఎడారి, లోతు లేని తీరం, నదిలోని జలపాతం, బలవంతుడైన పొరుగువాడు — వీటిలో ప్రతి ఒక్కటీ వ్యాపారం మీదనో రక్షణ మీదనో కొంత వ్యయాన్ని మోపుతుంది, కొన్ని దేశాల మీద స్వల్పంగానూ మరికొన్నిటి మీద నడుము విరిగేంతగానూ. ఈ సుంకం రేటు శాశ్వతం కాదు. కొత్త పరికరం వచ్చినప్పుడు, కొత్త చట్టం వచ్చినప్పుడు, పొరుగువాడి ప్రవర్తన మారినప్పుడు అది మారుతుంది. 2024లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందిన అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లు భూగోళం కన్నా సంస్థలే, అంటే ఆస్తి హక్కులు, న్యాయస్థానాలు, పాలకులకు హద్దులు గీసే కట్టుబాట్లే, దేశాల సంపదకు మూలమని ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చారు. ఒకే ద్వీపకల్పాన్ని పంచుకున్న ఉత్తర, దక్షిణ కొరియాల నడుమనున్న అంతరాన్ని చూస్తే వారి వాదాన్ని కొట్టిపారేయడం కష్టం. అయితే ఏ సంస్థ ఎక్కడ ఎందుకు పుట్టిందో ఆరా తీస్తే మళ్లీ నేల దగ్గరికే రావలసిన సందర్భాలు తక్కువేమీ కావు, దానికి కోరమండల్ తీరమే మంచి సాక్ష్యం. ఆ విషయం ముందు ముందు వస్తుంది.

సుంకం మొట్టమొదట కనిపించేది రవాణాలో. వర్తక మార్గాల గురించి కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఒక చర్చ ఉంది: తక్కువ శ్రమతో, తక్కువ ఖర్చుతో ఎక్కువ సరుకును మోస్తుంది కనుక జలమార్గమే మేలని ఆచార్యులు చెప్పగా, అది అన్ని కాలాలలో పనికిరాదనీ, ప్రమాదం వస్తే తప్పించుకొనే దారి ఉండదనీ చెప్పి కౌటిల్యుడు భూమార్గం వైపు మొగ్గాడు. ఖర్చు విషయంలో మాత్రం ఆచార్యులదే పైచేయి. ఎద్దుబండి మీద ధాన్యం ఎంత దూరం పోతే అంత మేరకు ఎద్దులకూ బండివాడికీ మేపక తప్పదు కనుక, రైలు రాక మునుపు నేల మీద కొన్ని వందల కిలోమీటర్లు దాటేసరికి చవక సరుకు గిట్టుబాటు కాకుండా పోయేది. నీటి మీద అదే సరుకు సముద్రాలు దాటేది.

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఎదుగుదలలో ఈ తేడా పాత్ర చాలా పెద్దది. అప్పలాచియన్ కొండలకు పడమట స్థిరపడిన రైతులు తమ పంటను కొండలు దాటించి తూర్పు తీరానికి తేలేక, ఒహాయో నది మీదుగా మిసిసిపీలోకీ, అక్కడి నుంచి న్యూ ఆర్లియన్స్ రేవుకూ దించేవారు. ఆ రేవు పరాయి వాడి చేతిలో ఉంటే దేశంలో సగం అతని గుప్పిటలో ఉన్నట్లేనని గ్రహించిన అధ్యక్షుడు జెఫర్సన్ దానిని కొనడానికి దూతలను పంపగా, నెపోలియన్ ఏకంగా లూసియానా ప్రాంతమంతటినీ కోటిన్నర డాలర్లకు 1803లో అమ్మివేశాడు. ప్రపంచంలోని అతి సారవంతమైన మైదానాలలో ఒకటీ, దానిని సముద్రంతో కలిపే సహజ జలమార్గాలూ ఆ విధంగా ఒకే ప్రభుత్వం కిందికి వచ్చాయి. నది లేని చోట అమెరికన్లు నదిని తవ్వుకున్నారు: 1825లో పూర్తయిన, సుమారు 584 కిలోమీటర్ల పొడవైన ఈరీ కాలువ వల్ల బఫెలో నుంచి న్యూయార్కుకు టన్ను సరుకు తరలించే ఖర్చు దాదాపు వంద డాలర్ల నుంచి పదింటికి పడిపోయింది, న్యూయార్కు ఆ దేశపు ప్రథమ నగరంగా స్థిరపడింది.

ఆఫ్రికాలోని కాంగో నది మోసే నీరు మిసిసిపీ నీటికి రెట్టింపుకు పైనే. లోపలి భాగంలో వేల కిలోమీటర్ల మేర పడవలు తిరగడానికి అనువైనది కూడా. కానీ కిన్షాసాకూ మటాడీ రేవుకూ మధ్యనున్న సుమారు 350 కిలోమీటర్లలో వరుసగా జలపాతాలు, సుడులు ఉండడం వల్ల ఆ విశాల జలమార్గానికి సముద్రంతో సంబంధం తెగిపోయింది. ఆ కొద్ది దూరాన్ని దాటించడానికి బెల్జియన్లు 1898 నాటికి వేసిన రైలు మార్గం కోసం వేలాది కూలీలు ప్రాణాలు విడిచారు. గోదావరి విషయంలోనూ ఇటువంటి కథే ఒకటి నడిచింది. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి నిర్మించి డెల్టాను మాగాణిగా మార్చిన ఆర్థర్ కాటన్‌కు, గోదావరి మీదుగా బేరారు పత్తిని సముద్రానికి చేర్చాలన్న ఆశ కూడా ఉండేది. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉండగా, వాటిని దాటించడానికి దుమ్ముగూడెం వద్ద ఆనకట్టతోపాటు పడవల కాలువ పనులు సాగాయి. ఈలోగా బొంబాయి నుంచి రైలు 1867లో నాగపూరు చేరి పత్తిని పడమటికి మళ్లించింది. 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులను నిలిపివేసింది. నది ఉన్నది ఉన్నట్లే ఉంది, రైలు రాకతో దాని విలువ మాత్రం ఒక్క దశాబ్దంలో తలకిందులైంది. డెల్టాకు ప్రాణమైన గోదావరి వర్తక మార్గంగా పనికిరాకుండా పోవడానికి దుమ్ముగూడెం రాళ్లు సగం కారణం, బొంబాయి రైలు సగం కారణం.

సముద్రతీరమే లేని దేశాలను భూపరివేష్టిత దేశాలు అంటారు. ప్రపంచంలో ఇటువంటివి 44 ఉండగా, వాటిలో 16 ఆఫ్రికాలోనే ఉన్నాయి. పుట్టుకతో తీరం లేకపోవడం ఒక బాధ అయితే ఉన్న తీరాన్ని పోగొట్టుకోవడం మరొక బాధ. చిలీతో 1879లో మొదలైన యుద్ధంలో పసిఫిక్ తీరాన్ని కోల్పోయిన బొలీవియా, ఈనాటికీ టిటికాకా సరస్సు మీద నౌకాదళాన్ని నిలుపుకొని, ఏటా మార్చి 23న సముద్ర దినం జరుపుకుంటుంది. సముద్ర మార్గంపై చర్చలు జరపవలసిన చట్టబద్ధమైన బాధ్యత చిలీకి లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2018లో తేల్చిచెప్పినా ఆ పండుగ ఆగలేదు. ఎరిత్రియా 1993లో విడిపోవడంతో తీరం కోల్పోయిన ఇథియోపియా పది కోట్లకు మించిన జనంతో ఎగుమతి దిగుమతులన్నిటికీ దాదాపుగా చిన్న జిబూతీ రేవు మీద ఆధారపడవలసి వచ్చింది.

స్విట్జర్లాండుకు కూడా సముద్రం లేదు, అయినా అది ప్రపంచంలోని అత్యంత సంపన్న దేశాలలో ఒకటి. బ్రిటిష్ ఆర్థికవేత్త పాల్ కోలియర్ 2007లో రాసిన పుస్తకంలో ఈ ప్రశ్నకు తేలికగా అర్థమయ్యే జవాబు చెప్పాడు: స్విట్జర్లాండు సముద్రానికి పోవాలంటే జర్మనీ, ఇటలీ రోడ్ల మీదుగా పోవాలి, ఉగాండా పోవాలంటే కెన్యా రోడ్ల మీదుగా పోవాలి. పైగా స్విట్జర్లాండు సరుకు కొనేవాళ్లు ఆ పొరుగువాళ్లే కనుక సముద్రం దాకా పోవలసిన అవసరమే దానికి తక్కువ. అంటే భూపరివేష్టిత దేశం చెల్లించే సుంకం దాని సరిహద్దు లోపల కాక పొరుగు దేశపు రోడ్లలో, రైళ్లలో, రేవు అధికారుల తీరులో నిర్ణయమవుతుంది. ఇది చాలా అన్యాయమైన ఏర్పాటు, ఎందుకంటే తన ఇల్లు ఎంత చక్కదిద్దుకున్నా ఇథియోపియా జిబూతీని చక్కదిద్దలేదు.

యుద్ధానికి వచ్చేసరికి ఇదే నేల వ్యాపారానికి ఇచ్చిన దానిని రక్షణలో వసూలు చేస్తుంది. ఫ్రాన్సు నుంచి రష్యా దాకా పరచుకున్న ఉత్తర ఐరోపా మైదానం గోధుమకూ రోడ్లకూ ఎంత అనుకూలమో దండయాత్రలకూ అంతే అనుకూలం. ఆ మైదానం నడుమ, తూర్పున గాని పడమర గాని కొండల అడ్డు లేకుండా ఉన్న పోలండును ప్రష్యా, రష్యా, ఆస్ట్రియాలు 1772, 1793, 1795లలో మూడు విడతలుగా పంచుకోవడంతో, ఆ దేశం 1918 దాకా పటం మీదే లేకుండా పోయింది. తిరిగి లేచిన ఇరవై ఏళ్లకు, 1939 సెప్టెంబరులో, పడమటి నుంచి జర్మనీ, తూర్పు నుంచి సోవియట్ యూనియన్ వచ్చి మళ్లీ పంచుకున్నాయి. అదే మైదానంలో ఉన్న రష్యా నిలబడడానికి కారణం దాని విస్తీర్ణం. 1812 జూన్‌లో నీమన్ నది దాటిన నెపోలియన్ సైన్యం ఆరు లక్షల పైచిలుకు ఉండగా మాస్కో చేరినది సుమారు లక్ష మంది. ఆ సైన్యాన్ని చలి చంపిందని లోకం అనుకుంటుంది గాని, ప్రధాన దళంలో సగం చలికాలం రాకముందే, వేసవి ఎండలో, రోగాలతో, గుర్రాలకు మేత దొరకక తరిగిపోయింది. వెనక్కి తగ్గడానికి చోటు ఉండడమే రష్యాకు కోట. అయితే ఆ కోటను నిలబెట్టుకోవాలంటే సరిహద్దును మరింత దూరం నెట్టుకుంటూ పోవాలనే ఆలోచన మాస్కో పాలకులను ఏనాడూ వదలకపోవడం వల్ల వారి పొరుగువారు అనుభవించినది తక్కువ కాదు.

ఇంగ్లండును ఫ్రాన్సు నుంచి విడదీసే సముద్రం డోవర్ జలసంధి దగ్గర 33 కిలోమీటర్లే. జలసంధి అంటే రెండు భూభాగాల నడుమ ఉండే సన్నని సముద్రపు పాయ. ఆ కొద్ది నీరు 1588లో స్పెయిన్ నౌకాదళాన్నీ, 1805లో నెపోలియన్‌నూ, 1940లో హిట్లర్‌నూ ఆపిందని చెబుతారు గాని, 1066లో నార్మండీ విలియమ్ అదే నీటిని దాటి ఆ దేశాన్ని గెలుచుకున్నాడన్నది మరవకూడదు. కాపలా లేని సముద్రం గోడ కాదు, రోడ్డు. నౌకాదళం మీద ఖర్చుపెట్టడం మొదలుపెట్టాకనే అది ఇంగ్లండుకు గోడ అయింది, పొరుగు రాజ్యాలు పోషించక తప్పని భారీ పదాతి సైన్యాల ఖర్చు నుంచి దానిని తప్పించింది. భారతదేశంలో మూడు మహాయుద్ధాలు, 1526లో, 1556లో, 1761లో, పానిపట్టు దగ్గరే జరగడానికి కారణం కూడా నేలే: ఉత్తరాన హిమాలయ పాదాలకూ దక్షిణాన థార్ ఎడారికీ మధ్య ఖైబర్ నుంచి ఢిల్లీకి వచ్చే సైన్యానికి మేత, నీరు దొరికే దారి అదొక్కటే. 1761లో మరాఠాలు పోరులో కన్నా ముందు ఆకలితో ఓడారు; అహ్మద్ షా అబ్దాలీ యమున దాటి వారికీ ఢిల్లీకీ మధ్య నిలబడడంతో దక్కను నుంచి రావలసిన ధనధాన్యాల దారి తెగిపోయింది.

దక్కనులో ఈ లెక్క మరింత చిక్కుగా ఉంటుంది. కృష్ణా గోదావరి డెల్టాలు సారవంతమైనవి, అయినా తెలుగు నేలను ఏలిన పెద్ద రాజ్యాలలో అనేకం వాన తక్కువగా పడే రాతి పీఠభూమి మీదనే పుట్టాయి: ఓరుగల్లు, విజయనగరం, గోల్కొండ. జీవనదులు లేని తెలంగాణ గట్టునేలలో, ఎగుడుదిగుడుగా పరచుకున్న గుట్టల నడుమ కొద్దిపాటి కట్ట వేస్తే చాలు వాననీరు నిలుస్తుంది. ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువులో చేరే గొలుసుకట్టు ఏర్పాటును కాకతీయులు, వారి సామంతులు రాజ్యమంతటా విస్తరింపజేశారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఆ కాలానివే. చెరువు తవ్వించిన సామంతుడికి పంటలో భాగం, ఊరిలో పలుకుబడి వచ్చేవి కనుక కరువు నేల మీద రాజ్యం అడుగులు వేసిన ప్రతి చోటా వ్యవసాయం కూడా అడుగు వేసింది. సైన్యానికి పనికివచ్చే రాతి దుర్గాలు, పశువుల మేత బయళ్లు, కూలికన్నా కత్తికి అలవాటుపడిన జనం ఉన్న మెట్టప్రాంతం, ధాన్యం పండినా అడ్డుకొండ లేని డెల్టాను లోబరచుకోవడం దక్కను చరిత్రలో పదే పదే కనిపిస్తుంది. ఆనకట్టలు రాక ముందు డెల్టాలో వరదా కరువూ రెండూ తప్పేవి కావన్నది కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. 1832–33 నాటి కరువు గుంటూరు ప్రాంతపు జనంలో పెద్ద భాగాన్ని బలిగొంది.

పీఠభూమికి ఉన్న పెద్ద లోటు గుర్రం. దక్షిణ భారతపు వాతావరణంలో, మేతలో మేలుజాతి యుద్ధాశ్వాలు వృద్ధి చెందవు గనుక అరేబియా, పర్షియాల నుంచి ఏటా వేల సంఖ్యలో ఓడల మీద తెప్పించుకోవలసి వచ్చేది. దీనితో సముద్రానికి దూరంగా ఉన్న రాజధానుల సైనిక బలం పడమటి తీరపు రేవుల మీద ఆధారపడింది. పోర్చుగీసులు 1510లో గోవాను పట్టుకున్నాక గుర్రాల వ్యాపారం వారి చేతుల్లోకి పోయి, విజయనగరం, బీజాపూరు రెండూ వారి ప్రాపకం కోసం పోటీపడ్డాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కోసం, అంటే రెండు నదుల మధ్యనున్న సారవంతమైన నేల కోసం, 1520లో జరిగిన యుద్ధంలో శ్రీకృష్ణదేవరాయలకు పోర్చుగీసు తుపాకీదారులు తోడుగా నిలిచారు. ఆ యుద్ధాన్ని వివరంగా వర్ణించిన పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు. రాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, మణులు, ముత్యాలు ధారాళంగా దిగేట్లు చూడాలనీ, దూరదేశపు గుర్రాల వర్తకులను ఊళ్లు, మేడలు, కొలువులో మన్ననలు ఇచ్చి దగ్గర చేసుకోవాలనీ, లేకుంటే ఆ గుర్రాలు శత్రువుకు చేరతాయనీ హెచ్చరించాడు. కావ్యంలో ఉన్నా ఇది భూగోళాన్ని బాగా చదువుకున్న పాలకుడి లెక్క.

తూర్పు తీరం పరిస్థితి వేరు. కోరమండల్ తీరంలో సహజమైన రేవులు దాదాపు లేవు. ఇసుక మేటలు, ఎగసిపడే కెరటాల వల్ల పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకోగా, మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు సరుకును ఒడ్డుకు చేర్చేవి. తుపాను కాలంలో ఓడ పగలడం మామూలే. ఓడ పగిలితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకంతా అక్కడి రాజుదేనన్న ఆచారం ఉన్నంత కాలం వర్తకుడికి సముద్రం ఒక భయమైతే రాజు రెండో భయం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయ శాసనం ఈ రెండో భయాన్ని తొలగించింది: పూర్వరాజులు తుపానులో చిక్కి పగిలిన ఓడల సరుకును బలవంతంగా లాక్కునేవారనీ, ఇకపై ప్రాణాలకు తెగించి వచ్చే సముద్ర వర్తకుల నుంచి నియమితమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అందులో ప్రకటించాడు; ఆ సుంకం ముప్ఫైవ వంతు. తీరాన్ని మార్చడం రాజు చేతిలో లేదు, దాని వల్ల వర్తకుడికి కలిగే నష్టాన్ని తగ్గించడం మాత్రం ఉంది. ఆ శతాబ్దం చివరలో ఈ తీరాన్ని వర్ణించిన మార్కో పోలో 'ముత్ఫిలి' అని పిలిచిన చోటు మోటుపల్లేనని చరిత్రకారులు భావిస్తున్నారు. అక్కడి వజ్రాలు, సాలెగూడు వంటి సన్నని బట్టలు, ఏలుతున్న రాణి అతని రాతల్లో కనిపిస్తాయి. కాకతీయుల తరువాత కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అక్కడే వర్తకులకు మళ్లీ అభయం ప్రకటించవలసి రావడాన్ని బట్టి, ఇటువంటి హామీలకు పాలకుడి మాట తప్ప వేరే ఆధారం లేదనీ, పాలకుడు మారితే వర్తకుడు మళ్లీ మొదటికి వస్తాడనీ కూడా అర్థమవుతుంది.

రేవు లేని తీరం యుద్ధనౌకలనూ వదలలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తుపానులు వీచే కాలంలో ఏ నౌకాదళమూ ఇక్కడ నిలవలేదు. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్డొనే నౌకలు మరుసటి నెల తుపానులో చితికిపోవడంతో, ఆంగ్లేయుల మీద ఫ్రెంచివారు సాధించిన ఆధిక్యం సముద్రం మీద ముగిసిపోయింది. తూర్పు సముద్రంలో అన్ని రుతువులలో ఓడలను దాచగల సహజ రేవు శ్రీలంకలోని ట్రింకోమలీ ఒక్కటే కావడంతో డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు దాని కోసం పదే పదే పోరాడారు. 1795లో అది ఆంగ్లేయుల చేతికి చిక్కాక బంగాళాఖాతం వారి సొంత చెరువైంది.

విశాఖపట్నం దగ్గర డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకువచ్చి కెరటాలకు అడ్డుగా నిలుస్తుంది. దాని వెనుకనున్న చిత్తడి నేలను తవ్వితే రేవు అవుతుందని చాలా కాలంగా తెలిసినా, వెనుకటి ప్రాంతంతో సంబంధం లేని రేవుకు డబ్బు పెట్టేవారు ఎవరూ ఉండరు. రాయపూరు నుంచి విజయనగరానికి రైలు మార్గం 1931లో పూర్తయి మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి దారి ఏర్పడడంతో 1933లో రేవు తెరుచుకుంది. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేయడం దాని విలువకు శత్రువు కట్టిన వెల. 1971 నాటికి పాకిస్తాను రెండు భాగాల మధ్య సుమారు 1,600 కిలోమీటర్ల భారత భూభాగం ఉండగా, కరాచీ నుంచి ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతం చేరగల జలాంతర్గామి ఆ దేశానికి ఘాజీ ఒక్కటే. విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చిన ఆ నౌక డిసెంబరు 3–4 మధ్యరాత్రి విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది. తూర్పు పాకిస్తాను చేజారడానికి రాజకీయ కారణాలు అనేకం ఉన్నా, ఆ రెండు భాగాల మధ్య సముద్ర మార్గాన్ని కాపాడుకోగల నౌకాబలం లేకుండా అటువంటి దేశాన్ని నిలబెట్టగలమనుకోవడమే మొదటి పొరపాటు.

తీరం లేని నేపాలు మూడో దేశాలతో చేసే వ్యాపారానికి చాలా కాలం కోల్‌కతా ఒక్కటే వాకిలి. కోల్‌కతా హుగ్లీ నది మీది రేవు. పూడిక వల్ల లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు అక్కడికి రాలేక, కొలంబోలోనో సింగపూరులోనో కంటెయినర్లను చిన్న ఓడల్లోకి మార్చి పంపవలసి వస్తుంది, ఆ మార్పిడికి రోజులూ డబ్బూ పోతాయి. విశాఖపట్నానికి పెద్ద ఓడలు నేరుగా వస్తాయి. నేపాలు సరిహద్దులోని బీర్గంజ్‌కు విశాఖ నుంచి రైలు దూరం కోల్‌కతా నుంచి ఉన్న దూరానికి దాదాపు రెట్టింపు అయినప్పటికీ, 2016లో కుదిరిన ఏర్పాటుతో నేపాలుకు ఈ రేవు మీదుగా కూడా సరుకు తెచ్చుకొనే దారి ఏర్పడింది. కిలోమీటర్లలో దూరమైన రేవు ఖర్చులో దగ్గర కావడం నేపాలీ వర్తకులకు వింతేమీ కాలేదు. వారికి కావలసినదల్లా కంటెయినరు ఎన్ని చేతులు మారకుండా, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో గోదాములో దిగుతుందన్నదే.